రొయ్య చేసిన నేరం

కృత్తివెన్ను, నాగాయలంక చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యకు తెలిసిందల్లా మేత, ఏరేటర్ల గాలి, కరెంటు కోత. రష్యా ఏ దిక్కునుందో దానికేం తెలుసు? అయినా 2025 ఆగస్టు 27న శిక్ష పడింది. ఢిల్లీ రష్యా చమురు కొంటోందని అమెరికా రొయ్యతో సహా మన సరుకుల మీద మరో 25 శాతం సుంకం బాదింది. ముందు వేసిన 25తో కలిపి అప్పటికి 50. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే!

అదే చమురు మనకంటే ఎక్కువ కొనే చైనాకు ఆ జరిమానా పడలేదు. దాని గుప్పిట్లో అరుదైన ఖనిజాలున్నాయి మరి! మన గుప్పిట్లో ఉన్నది రొయ్య. ఐసు కరిగితే కంపు కొడుతుంది. అమెరికా కూడా ఆ ఏడాది రష్యా ఎరువులు తెప్పించుకుంది. వాటికి వాసన రాదు కాబోలు. పోటీదారు ఈక్వెడార్ రొయ్యకేమో అప్పుడు 15 శాతమే.

మొత్తానికి ఇగురులో ఉడకాల్సిన రొయ్య విదేశాంగ విధానంలో ఉడికింది. సుంకం వాషింగ్టన్‌లో పెరిగితే కౌంట్ రేటు బందరులో పడింది. చవక చమురు లాభం రిఫైనరీలకు చేరింది; గుడివాడ బంకులో పెట్రోలు ధర పెద్దగా దిగింది లేదు. లాభాల పంపకానికి రైతును ఎవరూ పిలవలేదు. జరిమానా కట్టడానికి మాత్రం మొదటి పిలుపు అతనికే!