వాస్తుపురుషుల వారికి బహిరంగ లేఖ

శ్రీమద్వాస్తుపురుషుల వారి దివ్యసముఖమునకు, విశాఖపట్టణ వాస్తవ్యుడగు ఒకానొక గృహార్థి చేసికొను విన్నపము.

తాము ఈశాన్యమున శిరస్సును, నైరృతమున పాదములును ఉంచి, నలువదియైదుగురు దేవతలు మీదనెక్కి అదిమిపట్టియుండగా, భూమిలో బోరగిలబడి శయనించియున్నారని శాస్త్రములు చెప్పుచున్నవి. అట్లగుటచే తమ ముఖారవిందమును దర్శింపగోరువాడు నేల త్రవ్వక తప్పదు. తమ పేరు చెప్పుకొని బ్రదుకువారిలో త్రవ్వి చూచినవాడొక్కడును కనరాకుండుటయే నా మొర. నగరపాలక సంస్థకు వ్రాయవలసిన దానిని తమకు వ్రాయుట అవివేకమని ఎంచవలదు. మా ఊర ఇల్లు కొనునపుడు ఇంజనీరు మాట వినకున్నను బేరము సాగును. తమ మాట దాటినచో ఇంటిల్లిపాదిలో ఒక్కరికిని నిద్రపట్టదు. అధికారము ఎవరియందున్నదో అర్జీయు వారికే గదా!

గత వైశాఖమున, గోపాలపట్నము ప్రక్కను, కొండవాలున, పండ్రెండేండ్ల క్రిందట కట్టిన రెండంతస్తుల ఇల్లొకటి అమ్మకమునకు వచ్చినదని తెలిసి, సకుటుంబముగా చూడబోతిమి. మాకన్న ముందుగనే సిద్ధాంతిగారు దిక్సూచితో వేంచేసియుండిరి. వంటిల్లు ఆగ్నేయముననే యున్నది, వీధిపోటు లేదు, గేటొక్కటి మూరెడు జరిపిన చాలునన్నారు. పిమ్మట ఒక చెంబెడు నీరు హాలులో గచ్చుమీద కుమ్మరించి, అది ఎచ్చటను నిలువక ఈశాన్యపు మూలకు పారిపోవుట చూచి, "ఈశాన్యం పల్లం! ఇంతకంటె ఏం కావాలండీ" అని పులకించిరి. మా మనుమని చేతినుండి జారిన గోలీయు ఆ మూలకే దొర్లుకొనిపోయినది. అందరమును సంతసించితిమి. బయానా ఇచ్చితిమి.

నాకు అనుమానము పుట్టించినది ఒక క్యాలెండరు. పడకగదిలో కిటికీ క్రింద, మోకాలెత్తున, తిథులును వర్జ్యములును గల తెలుగు క్యాలెండరు వ్రేలాడుచుండెను. తిథి చూచుకొనుటకు మోకరిల్లవలసిన క్యాలెండరును ఈ అరువదియైదేండ్ల ఆయుస్సులో నేనెచ్చటను ఎరుగను. దానిని ఎత్తి చూచితిని. కిటికీ చౌకట్టు దిగువ మూలను మొదలై, ఇటుక వెంట ఇటుకగా మెట్లు దిగుచు, నేలవరకు వచ్చిన బీట! దానిమీద పుట్టీ మెత్తినారు గాని, ఆ తెలుపు గోడ తెలుపుతో కలియలేదు. పుట్టీ నడుమ మరల నెర్రె విచ్చినది. రూపాయి బిళ్ల అంచు ఆనించితిని, లోనికి పోయినది. "పాత ఇల్లు కదండీ, ఎండలకి గోడలన్నాక అలాగే ఉంటాయి" అని అమ్మువారు సెలవిచ్చిరి.

మరునాడు తాపీమేస్త్రి నొకనిని వెంటబెట్టుకొనిపోతిని. అతడు దిక్కులు చూడలేదు. తూకపు గుండు వ్రేలగట్టి, నీళ్లగొట్టముతో నాలుగు మూలల మట్టమును పట్టి, వెలుపలికి పోయి పునాది ప్రక్క మట్టిని పలుగుతో రెండు పోట్లు పొడిచి, తిరిగివచ్చి బీటమీద వ్రేలు నడిపించి, "ఈ బీట పైనుండి దిగింది కాదు బావూ, కిందనుండి ఎక్కొచ్చింది. ఆ మూల గెడ్డ కప్పెట్టీసి కట్టీసినారు. రెండంగుళాలు దిగిపోనాది" అనెను.

అనగా, మహాప్రభూ, సిద్ధాంతిగారిని పులకింపజేసిన ఆ పల్లము ఇంటివారు బుద్ధిపూర్వకముగా పెట్టినది కాదు. ఇల్లే ఆ మూలకు కుంగుచున్నది.

మా ఊరి నేల ఒక్క తీరైనది కాదు. కొండలు ఖోండలైటు రాయి. భీమిలి త్రోవను ఎర్రమట్టి దిబ్బలు. రేవు చుట్టును ఉప్పుటేటి బురదమన్ను. ఆ బురదను తోడియే 1933లో రేవును తెరచిరి. తోడినవారికి దాని లోతు తెలిసినది. నేడు మన్నుపోసి ప్లాట్లు వేయువారు తెలిసికొననొల్లరు. కొండవాలున కట్టువారు పై సగమును తొలిచి, ఆ మన్నునే దిగువ సగమున పోసి చదును చేయుదురు. ఒక కాలు బండమీదను, ఒక కాలు పోతమట్టిమీదను మోపిన ఇల్లు, వానలు కురిసి పోతమట్టి అణగినపుడెల్ల ఒక భుజము వంచును. ఇల్లంతయు సమముగా దిగినచో గోడకు నొప్పి అంతగా తెలియదు. ఒక మూల దిగి, తక్కినవి నిలిచినపుడే గోడ చీలును. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ బాలచెరువున ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేయగా, అది జాతికి అంకితమగుటకు 1992 వరకు పట్టినది. శంకుస్థాపన వేరు, పునాది వేరని ఇరువదియొక్క సంవత్సరములు నేర్చుకొన్న ఊరివారమై యుండియు, ఇల్లు కొనునపుడు మాత్రము శంకువు ఏ ముహూర్తమున పాతిరనియే అడుగుచున్నాము!

ప్రతి బీటయు ప్రాణాంతకము కాదని న్యాయముగా ఒప్పుకొనవలెను. పూతలో సాలెగూడువలె అల్లుకొన్న సన్నని నెర్రెలు సిమెంటు ఆరుటలో వచ్చినవి. స్తంభమును ఇటుకగోడయు కలియుచోట నిలువుగా వచ్చినది తరచుగా రెండు వస్తువుల పొత్తు కుదరనిది. స్లాబు క్రింద చువ్వ వెంబడి తుప్పుమరకతో సాగు పగులు మాత్రము సముద్రగాలి చేసిన పని: ఉప్పు సోకి చువ్వ తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా తన్నివేయును. వీనిలో ఏది కదలుచున్నదో, ఏది ఊరకయున్నదో తెలియుటకు చవుకైన ఉపాయము కలదు: బీటకు అడ్డముగా సన్నని గాజుపలకను అతికి, తేదీ వ్రాసి ఊరకుండుటయే. గోడ కదలినచో గాజు విరుగును.

చట్టములు లేకపోలేదు. తనకు తెలిసి, కొనువాని కంటికి సాధారణ జాగ్రత్తచే అందని లోపమును అమ్మువాడు దాచరాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. (క్యాలెండరు ఎత్తి చూచుట సాధారణ జాగ్రత్తయో, అసాధారణమో ప్లీడర్లు తేల్చవలెను.) కట్టి అమ్మినవాడైనచో, స్వాధీనము చేసిన ఐదేండ్లలోపల చూపిన నిర్మాణలోపమును ముప్పది దినములలో తన ఖర్చుతో సరిచేయవలెనని 2016 నాటి స్థిరాస్తి చట్టము. పండ్రెండేండ్ల ఇంటికి అది అక్కరకు రాదు.

కాని నా అభియోగము అమ్మినవారిమీద కన్న తమ ప్రతినిధులమీదనే అధికము. ఏలననగా వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్య చెప్పినచోట, గృహస్థలమున మూరెడు గుంట త్రవ్వి, ఆ మన్నుతోనే మరల పూడ్చవలెననియు, మన్ను మిగిలిన ఉత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకున్న అధమమనియు, గుంటలో నీరు నింపి నూరడుగులు నడచి వచ్చులోపల అది ఇంకిపోరాదనియు పరీక్షలు కలవు. ఇది మట్టి బిగువు చూచుట గాక మరేమి? 1213 నాటి రామప్ప గుడిని కట్టిన కాకతీయ స్థపతులు పునాదిలో ఇసుక నింపి భారమును దానికి అప్పగించిరి. తమ శాస్త్రము నేలతోనే మొదలైనది. ఇప్పటివారు ఆ పుటలను చించివేసి, గేటును జరుపు పుటలను మాత్రము దాచుకొన్నారు.

అమ్మువారి అనుమతితో అతికిన గాజుపలక పదునెనిమిదవ దినమున విరిగినది. గెడ్డనీటిని మళ్లించి, ఆ మూల క్రింద గట్టినేల తగులువరకు విడతలు విడతలుగా త్రవ్వుచు క్రొత్తపునాది దింపిన ఇల్లు నిలుచునని ఇంజనీరు చెప్పెను గాని, ఆ ఖర్చును ధరలో తగ్గించుటకు అమ్మువారు ఒప్పుకొనలేదు. బయానాలో సగమే చేతికి వచ్చినది. సిద్ధాంతిగారికిచ్చిన సంభావన రాలేదు, నేనడుగలేదు.

కావున ఇకమీదట తమ పేర ఇల్లు చూడవచ్చు ప్రతివాని చేతను, దిక్సూచితోపాటు ఒక పలుగును పట్టించవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
చిత్తగింపగోరు విధేయుడు,
అద్దెయింటి కాపురస్థుడు