సెలైన్ ఎక్కుతోందిగా, అన్నమెందుకు?

ముప్పై ఏళ్ళ పైగా విన్నాను ఈ మాట. రోగి భార్య అనేది, కొడుకు అనేవాడు, వార్డుబాయ్ అనేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అన్నాను. సర్జికల్, మెడికల్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, మంచాల పక్కన ప్రేమగా చెప్పే తప్పుడు సలహాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. వాటిలో కొన్ని ఇక్కడ చెబుతున్నాను. ఇవి ఎవరు చెప్పినా వినకండి. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెప్పినా సరే, ఎందుకని ఒకసారి అడగండి.

ముందు సెలైన్ సంగతి. మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్ళు, అందులో ఒక్క కేలరీ ఉండదు. గ్లూకోజ్ బాటిల్ అని మనం పిలిచే ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాంతో వంద కేలరీలు కూడా రావు. రెండు ఇడ్లీలు తిన్నట్టు, అంతే. 50 కిలోల మనిషి మంచం మీదే ఉన్నా రోజుకు 1250 నుంచి 1500 కేలరీలు కావాలి. మూడు బాటిళ్ళు ఎక్కించినా మూడొందలు దాటవు, ప్రోటీన్ అసలే లేదు. మిగతాది ఒళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? కొవ్వుతో పాటు కండను కరిగించుకుంటుంది. దగ్గి కళ్ళె బయటికి తేవడానికీ, లేచి బాత్రూముదాకా నడవడానికీ కావలసిన కండ ఆ కరిగే కండే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. నరం ద్వారా ఎక్కించే పూర్తి ఆహారం వేరే ఉంది, అది కొద్దిమందికే పెడతారు. మంచం పక్కన వేలాడే మామూలు బాటిల్‌ను చూసి మాత్రం అన్నం కంచం పక్కకు జరపకండి.

"రేపు ఆపరేషన్, రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టనివ్వద్దు." ఈ సలహా ఇచ్చేది మేమే, వార్డు సిబ్బందిమి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయం నిజమైనదే. కానీ మత్తు డాక్టర్ల సంఘాలు పెట్టుకున్న లెక్క ప్రకారం తేలికపాటి తిండి ఆరు గంటల ముందు వరకు, మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. కడుపు త్వరగా ఖాళీ కానివాళ్ళకు, ఎమర్జెన్సీ కేసులకు ఆ లెక్క మారుతుంది, అది మత్తు డాక్టరే చెప్పాలి. మేం మాత్రం లిస్టులో పేరున్న అందరికీ ఒకటే మాట చెప్పి వెళ్ళిపోయేవాళ్ళం.

ఒక పెద్దాయన బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగి వచ్చాడు. లిస్టులో ఆయనది చివరి పేరు. సాయంత్రం నాలుగింటికి "ఇవాళ కాదు, రేపు" అన్నారు. అప్పటికే మధ్యాహ్నం అన్నం బండి వచ్చి వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కూడా ఆయన తినలేదు. "ఆకలి లేదు" అని కేస్ షీట్‌లో రాశాం. అన్నం పైన ఎండి పెచ్చు కట్టేది, పప్పు మీద పొర తేలేది, కంచం అలాగే వెనక్కి వెళ్ళేది. ఆపరేషన్ అయిన మూడో రోజు నేను చెంచాతో పెట్టబోతే ఆయన సిగ్గుపడుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన భార్య బొడ్లో దోపుకున్న చేతిరుమాలు తీసి విప్పింది. లోపల కట్టుడు పళ్ళు. థియేటరుకు పంపే ముందు తీయించింది నేనే. "మళ్ళీ ఎప్పుడు పెట్టాలో మీరు చెప్పలేదు కదమ్మా" అంది. పళ్ళు కడిగి పెట్టాక ఆ పూట రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు తిన్నాడు. ఆ చేతిరుమాలు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది.

గుడ్డు అంటే గుర్తొచ్చింది. "గుడ్డు, పప్పు పెడితే కుట్లు చీము పడతాయి" అనే సలహా పక్క మంచం నుంచి వస్తుంది, ఊళ్ళో ఉన్న పెద్దమ్మ ఫోన్ చేసి మరీ చెబుతుంది. మాలో కొందరు కూడా నమ్ముతారు. చీము పట్టేది క్రిముల వల్ల. గాయం పూడటానికి కావలసిన సరుకు ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. జబ్బుపడ్డవాళ్ళలో చాలామందికి 1.2 గ్రాములైనా పట్టాలి, అంటే 50 కిలోల మనిషికి 60 గ్రాములు. మూడు పూటలా చారన్నమే పెడితే అంత రాదు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. గుడ్డు ముట్టనివాళ్ళకు పెసరకట్టు, గట్టి పెరుగు, పుట్నాల పొడి ఉన్నాయి. కిడ్నీ జబ్బుకు పప్పు, గుడ్డు తగ్గించమని ఒకప్పుడు చెప్పిన మాటను డయాలసిస్ మొదలయ్యాక కూడా పట్టుకొని వేలాడేవాళ్ళను చూశాను. డయాలసిస్‌లో ప్రోటీన్ బయటికి పోతుంది కాబట్టి అప్పుడు ఎక్కువే కావాలి. ఎంతన్నది మీ డాక్టరుగారిని అడగండి.

"మనిషి లావుగానే ఉన్నాడు, నాలుగు రోజులు తినకపోతే ఏం కాదు" అన్న సలహా కూడా తప్పే. పొట్ట అలాగే ఉండి లోపల కండ పోతుంది, అది పైకి కనిపించదు.

అన్నిటికంటే పెద్ద తప్పుడు సలహా మాలో మేం చెప్పుకునేది: "తిండి సంగతి వాళ్ళు చూసుకుంటారు." ఎవరా వాళ్ళు? జబ్బు తగ్గితే ఆకలి దానంతటదే వేస్తుందంటారు డాక్టరుగారు. ఇంజక్షన్లకే టైము చాలడం లేదంటుంది సిస్టరు, అది నిజం కూడా. డైట్ రాసిచ్చానంటుంది డైటీషియన్. బండి తోసేవాడు కంచం పెట్టానంటాడు. తిన్నాడా లేదా అన్నది మాత్రం ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండదు. 1974లో అమెరికన్ డాక్టరు చార్లెస్ బటర్‌వర్త్ ఆస్పత్రుల్లో రోగులు బక్కచిక్కిపోవడానికి కారణాలు రాశాడు. ఎత్తు, బరువు రాయకపోవడం, రోజుల తరబడి సెలైన్ మీదే ఉంచడం, పరీక్షల పేరుతో భోజనం ఆపడం, ఎంత తిన్నాడో చూడకపోవడం, బాధ్యత ఎవరిదో తేలకపోవడం అందులో ఉన్నాయి. మా కేస్ షీట్లలో బరువు గడి ఎన్నిసార్లు ఖాళీగా ఉందో నాకు తెలుసు.

పట్టించుకుంటే ఏమవుతుందో కూడా తేలింది. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది ఆస్పత్రుల్లో, పోషణ తగ్గే ప్రమాదంలో ఉన్న రెండు వేల మందికి పైగా రోగులను పరిశీలించిన ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం పెట్టారు, మిగతా సగం మందికి ఎవరికెంత కావాలో లెక్కగట్టి ఆహారం అందేలా చూశారు. నెల రోజుల్లో మొదటి జట్టులో నూటికి పదిమంది చనిపోతే, రెండో జట్టులో ఏడుగురు. ఆ ముగ్గురూ ఎవరింటి మనుషులో అని ఆలోచిస్తాను.

ఒక్క జాగ్రత్త. వారం పది రోజులు ఏమీ తినని మనిషికి "పాపం, కడుపునిండా పెట్టండి" అన్నది కూడా తప్పుడు సలహాయే. ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, ప్రాణం పోవచ్చు. రక్తపరీక్షలు చూసుకుంటూ, బి1 విటమిన్ ఇస్తూ, కొద్దికొద్దిగా పెంచాలి.

మీ మనిషి ఆస్పత్రిలో ఉంటే చేరిన రోజే బరువు చూడమని సిస్టర్‌ను అడగండి, వారానికోసారి మళ్ళీ అడగండి. పూటపూటకీ ఏం తిన్నాడో, ఎంత వదిలేశాడో ఒక చీటీ మీద రాసి దిండు కింద పెట్టండి. పొద్దున రౌండ్స్‌కి డాక్టరుగారు వచ్చినప్పుడు ఆ చీటీ చేతికివ్వండి. విసుక్కున్నా ఇవ్వండి.