సిగ్నల్ బాబాయ్

"ఏం బాబాయ్, బాగున్నారా?" అని పలకరిస్తే "అరవై రెండు" అంటారాయన. వయసు కాదు, బీపీ అంతకన్నా కాదు. డాబా మీది డిష్‌కి ఆ పూట అందుతున్న సిగ్నల్ క్వాలిటీ. అది డెబ్బై దాటిన రోజు వీధిలో అందరినీ పేరుపేరునా పిలిచి క్షేమం అడుగుతారు. నలభైకి దిగిందంటే పిన్ని కూడా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇలాంటి బాబాయ్‌లు కోస్తా ఊళ్లలో ఇంకా దొరుకుతారు. గుర్తుపట్టడం తేలికే. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉంటుంది. మాట్లాడేది మనతోనే అయినా చూపు ఆగ్నేయం వైపే ఉంటుంది. ఆ మూల పొయ్యి ఉండాలని వాస్తువాళ్లంటారు గానీ, బాబాయ్ శాస్త్రంలో అక్కడ ఉండాల్సింది జీశాట్-15. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఆ ఉపగ్రహం నుంచే దిగుతాయి. పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టు సరిగ్గా అటే ఎదుగుతోందని వాళ్లతో మాటలు తగ్గించేశారు.

పాత రిసీవర్ చెడిపోదు, దాన్ని జనమే చెడ్డదంటారు: ఇదీ ఆయన సిద్ధాంతం. ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. ఆ కొత్తలో కొన్న పెట్టె ఇప్పటికీ టీవీ పక్కన, పైన తుండుగుడ్డతో సహా ఉంది. అంతకు ముందుకాలపు అనలాగ్ రిసీవర్ మంచం కింద ఉంది. దాని ఎనిమిదడుగుల జల్లి డిష్ మీద పిన్ని చిక్కుడుపాదు పాకించుకుంది.

బాబాయ్‌కి ఏమీ తెలియదని నవ్వుకుంటే మాత్రం మనమే పప్పులో కాలేసినట్టు. కొత్త డిష్‌కి పాత బాక్సు పనికిరాదని షాపు కుర్రాడు అన్నాడొకసారి. "డిష్‌కి కొత్తేంటి, పాతేంటిరా? అది గిన్నె. పనిచేసేది ఎల్‌ఎన్‌బీ" అన్నారీయన. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పైనుంచి వచ్చే 11090 మెగాహెర్ట్జ్‌లోంచి ఎల్‌ఎన్‌బీ తన 9750 తీసేసి, మిగిలిన 1340ని వైరులోకి వదులుతుంది. పెట్టె అదే వైరులో 13 వోల్టులు పంపితే వర్టికల్, 18 పంపితే హారిజాంటల్. ఈ పద్ధతి పాత పెట్టెకీ తెలుసు, కొత్త ఎల్‌ఎన్‌బీకీ తెలుసు. రెండూ కలిపి బొమ్మ తెప్పించాక బాబాయ్ ఆ కుర్రాడి వంక చూసిన చూపు గురించి పిన్ని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

ఆ ఊపులోనే చిక్కుడుపాదు పీకించి, జల్లి డిష్‌కి కూడా కేయూ బ్యాండు ఎల్‌ఎన్‌బీ కట్టారు. సీ బ్యాండు తరంగం పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, దానికి ఆ జల్లి చాలు. కేయూ బ్యాండుది మూడు సెంటీమీటర్లయినా ఉండదు. ఆ చిల్లులకీ, పాతికేళ్ల సొట్టలకీ సిగ్నల్ మిగల్లేదు. మీటరు ఎనిమిది చూపించింది. ఆ వారమంతా ఇంట్లో చిక్కుడుకాయా లేదు, బొమ్మా లేదు.

ఎదురింటావిడ తగాదా ఇంకో ముచ్చట. కొత్త డిష్ వాళ్ల రెండో అంతస్తు కిటికీకేసి చూస్తోందట. "అది ఆఫ్‌సెట్ డిష్ అమ్మా! ముఖం మీ ఇంటివైపున్నా దాని చూపు ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల పైన" అని బాబాయ్ గేటు దగ్గర నిలబడి బోధించారు. ఆవిడ వినలేదు. మర్నాటికి కిటికీకి కర్టెన్ వచ్చింది.

అసలు గండం ఎంపెగ్-4 రూపంలో వచ్చింది. పాత పెట్టెకి వచ్చింది ఎంపెగ్-2 ఒక్కటే. కొత్తగా చేరిన ఛానెళ్లలో కొన్ని ఎంపెగ్-4లో, అదీ డీవీబీ-ఎస్2 పద్ధతిలో వస్తాయి. ఎల్‌ఎన్‌బీ వాటినీ దించుతుంది, వైరూ మోస్తుంది, పెట్టె మాత్రం పట్టుకోలేదు. పిన్ని సీరియల్ సరిగ్గా అక్కడ పడింది. బాబాయ్ కనెక్టర్లు మార్చారు, ఎల్‌ఎన్‌బీ తిప్పారు, కొబ్బరిమట్టలు కొట్టించారు.

"ఏవండీ, ఆ పిల్లకి పెళ్లయిందో లేదో పక్కింటికెళ్లి కనుక్కోవాల్సొస్తోంది" అంది పిన్ని చివరికి. పక్కిల్లంటే కొబ్బరిచెట్టు వాళ్లు. బాబాయ్ అదే సాయంత్రం కొత్త బాక్సు తెప్పించారు.

"పాతదానికీ ఓ వైరు లాగు" అన్నారు బిగించే కుర్రాడితో.

"ఎందుకండీ, అందులో రాదుగా?"

"ఇవాళ రాదు. రేపు వాళ్లకి బుద్ధొచ్చి అన్నీ మళ్లీ ఎంపెగ్-2లో వేస్తే? అప్పుడు నిన్నెక్కడ వెతకనురా?"

కుర్రాడు తల గోక్కుని, ఇంకో పది మీటర్ల ఆర్‌జీ-6 వైరు బిల్లులో కలిపాడు. పిన్ని బిల్లు చూడకుండానే డబ్బులిచ్చి పంపేసింది. లోపల సీరియల్ మొదలైపోయింది మరి.