చుక్కల బాబాయి

ప్రతి వీధికీ ఒక చుక్కల బాబాయి ఉంటాడు. మా వీధి బాబాయికి శుక్లం ఆపరేషన్‌తో పాటే ఆ బిరుదూ వచ్చింది. డాక్టరు గారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చి, వారం వారం తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఈయన రెండో వారానికే కోర్సు మానేశాడు. "మందు మిగిలితే నలుగురికి పనికొస్తుంది కదరా!" అన్నది ఆయన లెక్క. అప్పట్నుంచీ ఆ సీసా ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కనే కాపురం పెట్టింది.

బాబాయి వైద్యంలో జబ్బు ఒకటే, వేడి చేయడం. మందూ ఒకటే. కండ్లకలకకు అదే, దుమ్ము పడితే అదే, రాత్రంతా ఫోను చూసిన కుర్రాడికీ అదే. అప్పగింతల్లో ఏడుస్తున్న పెళ్లికూతుర్ని సైతం "తల పైకెత్తమ్మా" అని పట్టుకోబోతే పిన్ని అడ్డుపడింది. చలవ కోసమని పడుకోబోయే ముందు తానూ రెండు చుక్కలు వేసుకుంటాడు. పాలలా తెల్లగా ఉండే ఆ మందును వాడేముందు సీసా కుదపాలి. ఆయన సీసా కుదపడు, తల మాత్రం పెద్ద డాక్టరులా ఆడిస్తాడు. సీసా మూతిని ఇద్దరి ముగ్గురి రెప్పలకు తగిలిస్తాడు. తెరిచిన నెలకు పారేయమని రాసుంటే "అదంతా కంపెనీవాళ్ల వ్యాపారం" అంటాడు. అయిపోతే కొత్తది తెస్తాడు. చీటీ లేనిదే అమ్మరాదని డబ్బా మీదున్న మాట షాపువాడూ చదవడు, ఈయనా చదవడు.

చిక్కేమిటంటే, ఆయన చుక్కలకు ఎరుపు నిజంగానే తగ్గుతుంది! అదే ఆయన డిగ్రీ. స్టెరాయిడ్ వాపును అణుస్తుంది గాని క్రిమిని చంపదు. దొంగలు పడ్డ ఇంట్లో కుక్క నోరు కట్టేసినట్టన్నమాట. నూర్పిళ్లలో వడ్లగింజ తగిలి కన్ను పుండై, అందులో ఫంగస్ చేరితే ఈ చుక్కలు దానికి విందుభోజనం. హెర్పిస్ వైరస్ పుండుకూ అంతే.

మొన్న బాబాయి తన కళ్లు చూపించుకోడానికి వెళ్లాడు. "ప్రెషర్ ఎక్కువుందండీ" అన్నారు డాక్టరు గారు.

"బీపీ మాత్ర పొద్దున్నే వేసుకున్నానే!"

అది కంటిలోపలి ఒత్తిడి. మామూలుగా 10 నుంచి 21 ఉంటుంది, ఈయనకు 34.

"చుక్కలు ఎన్నాళ్లు వాడారు?"

"ఆపిందెప్పుడండీ!"

స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే కొందరిలో ఈ ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. నీటికాసులు వచ్చి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు. వేసవి రాగానే కళ్లు నులుముకునే పిల్లలకు ఏళ్ల తరబడి సొంతంగా వేస్తే, చిన్నతనంలోనే శుక్లాలు రావచ్చు.

అలాగని మందు చెడ్డది కాదు. ఆపరేషన్ తర్వాత, యువైటిస్ అనే కంటిలోపలి వాపులో కన్నును కాపాడేది ఇదే. చెప్పినన్నాళ్లు వేసుకుని, చెప్పినట్టే తగ్గించి, మధ్యలో ఒత్తిడి చూపించుకోవాలి. చుక్క వేశాక కన్ను మూసుకుని ముక్కు పక్కనున్న మూలను రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలాగి వేయాలి.

ఇప్పుడు బాబాయికి ఒత్తిడి తగ్గే చుక్కలు రాశారు. వాటినీ వీధికి పంచుతాడేమోనని పిన్ని ఆ సీసాను బీరువాలో పెట్టి తాళం కొంగున కట్టుకుంది. మీ వీధి బాబాయి "తల పైకెత్తు" అంటే మాత్రం, తల దించుకుని తిన్నగా కళ్ల డాక్టరు దగ్గరికి నడవండి.