స్కూట్ సూత్రానికి తిఫ్రా వ్యాఖ్య

మూలం: ఇద్దరి ఆటలో ఇరవై ఇవ్వరాదు.

అవతారిక: బిలాస్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచీ తెలుగువాళ్లున్న ఊరు, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. దాన్ని ఆనుకున్న తిఫ్రాలాంటి చోట పదమూడు ముక్కల రమ్మీకి ఆరుగురు కూర్చున్నా ఆట ముగిసేదాకా ఆరుగురూ ఉండరు. ఒకరికి నైట్ డ్యూటీ, ఇంకొకరికి బండి ఎక్కమని పిలుపు. మిగిలిన ఇద్దరి కోసం పుట్టిందీ సూత్రం. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు గాని, జోకర్ లేని పదమూడు ముక్కలు ఆయన చేతికి ఎవరూ పంచలేదు. కనక మేము కొంత చేర్చక తప్పదు.

ప్రతిపదార్థం: ఇరవై = తొలి ముక్క తీయకముందే స్కూట్ చెబితే, అంటే ఆ ఆట వదులుకుంటే, పడే పాయింట్లు (తీశాక చెబితే మిడిల్ స్కూట్, నలభై; లైఫ్, అంటే జోకర్ లేని సీక్వెన్స్, పడకుండానే ఎదుటివాడు షో చేస్తే ఫుల్ కౌంట్, ఎనభైదాకా); ఇవ్వరాదు = ఊరికే ఇవ్వరాదు. ‘ఊరికే’ అనేది అధ్యాహారం. అది చేర్చకపోతే సూత్రం కొంప ముంచుతుంది.

తాత్పర్యం: ఆరుగురి ఆటలో నీకు ఒక ముక్క అందేలోగా ఎదుటివాళ్లు అయిదు ముక్కలు తీస్తారు, అందులో ఎవడో ఒకడు షో చేసేస్తాడు. నెమ్మదిగా పండే చేతికి అంత గడువుండదు. ఇద్దరే అయితే ఒకటికి ఒకటే. పైగా వాడు పారేసే ప్రతి ముక్కా నీకే వస్తుంది. ఇక లెక్క. గెలిస్తే వాడికి ముప్పై పడుతుందనీ, ఓడితే నీకు నలభై పడుతుందనీ అనుకుందాం. స్కూట్ చెబితే ఖాయంగా పోయేది ఇరవై. ఏడింట రెండు ఆటలు గెలిచినా అక్కడికి అక్కడ సరిపోతుంది, అంతకు మించితే ఆడటమే లాభం. సగటు చెయ్యి ఇద్దరిలో సగం ఆటలు గెలుస్తుంది గనక, సగటుకంటే బాగా తక్కువ చెయ్యీ ఆడదగ్గదే. లిమిట్ పోకర్‌లో మధ్యన అయిదు పందేలుంటే ఒకటి వేసి చూడటానికి ఆరింట ఒకటి గెలిస్తే చాలన్న లెక్కా ఈ జాతిదే. అక్కడ పందెం పెంచి ఎదుటివాణ్ని బెదిరించవచ్చు, రమ్మీలో ఆ ఆయుధం లేదు.

పూర్వపక్షం: ‘ఇరవైతో పోయేదానికి ఎనభై తెచ్చుకోవడం దేనికి? ముక్క పడటం అదృష్టం.’ రెండో మాట నిలవదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, 1968 రిపోర్టుల్లో అచ్చయిన తీర్పులో, పడిన ముక్కలు గుర్తుంచుకోవడంలోనూ, ఏది పట్టాలి ఏది పారేయాలన్న దానిలోనూ నేర్పుందనీ, రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అనీ చెప్పింది. మొదటి మాటలో మాత్రం పస ఉంది. జోకరూ లేదు, లైఫ్‌కి జతపడే రెండు ముక్కలైనా లేవు, చేతినిండా రాజులూ రాణులూ అయితే ఓడినప్పుడు పోయేది నలభై కాదు, అరవై అనుకో. అప్పుడు తొమ్మిదింట నాలుగు గెలవాలి. అంత చేటు చెయ్యి అన్ని ఆటలు గెలవదు, ఇరవై ఇచ్చి లేవడమే మేలు. అధ్యాహారం చేసిన ‘ఊరికే’ పనికొచ్చేది ఇక్కడే. ఎన్నిసార్లు గెలుస్తావన్నదొక్కటే కాదు, ఓడినప్పుడు ఎంత పోతుందన్నదీ తూకం వెయ్యాలి. అయితే భయం కొద్దీ ప్రతి చేతికీ స్కూట్ చెప్పేవాడికి ఒక మాట: 101 పూల్‌లో అయిదు స్కూట్‌లంటే నూరు, ఆరోది చెప్పేసరికి ఆట బయట.

విశేషం: మిడిల్ స్కూట్ గురించి సూత్రం పెదవి విప్పదు. లైఫూ, దాని వెనక రెండో సీక్వెన్సూ పడ్డాక మిగిలేది ఆరేడు ముక్కలే. పెద్దవి ముందే పారేసినవాడికి అవి నలభై దాటడం అరుదు. దొరికిపోయినా ముప్పైతో పోయేచోట నలభై ఇచ్చి లేచేవాడు ఏ శాస్త్రం చదివాడో వ్యాఖ్యాతకి అంతుపట్టదు.