చేతులు కట్టుకుని చేసే ప్రయోగాలు

భారతదేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే ఉందని, అది అండమాన్ సముద్రంలోని బ్యారెన్ దీవి అని పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఫిబ్రవరి నెలాఖరులో మన వైపు వచ్చి ఉండరు. వస్తే లెక్క సవరించుకునేవారు. ఆ వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడికి రెండు మూడు చొప్పున అగ్నిపర్వతాలు పేలతాయి. థర్మోకోల్ ముక్కల మీద పాత పేపర్లు అతికించి, గోధుమరంగు పెయింటు కొట్టి, కొండ నడినెత్తిన ప్లాస్టిక్ గ్లాసు దింపి, అందులో వంటసోడా వేసి ఎర్రరంగు కలిపిన వెనిగర్ పోస్తారు. బుసబుసమంటూ నురగ పొంగుతుంది. ముఖ్య అతిథి గారు ఒకడుగు వెనక్కి వేస్తారు, తెల్లప్యాంటు కదా. ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి" అంటాడు. లావా ఇంకోసారి పొంగుతుంది.

ఇదంతా సర్ సి.వి.రామన్ గారి గౌరవార్థం. సముద్రం నీలంగా ఎందుకుందన్న సందేహంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి దాని వెంటే పోయి, 1928 ఫిబ్రవరి 28న ఆయన ఒక కొత్త సంగతి పట్టుకున్నారు. 1930లో నోబెల్ వచ్చింది. 1987 నుంచి ఆ తేదీని జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పాపం రామన్ గారికి చివరికి ఏం దొరుకుతుందో తెలియకుండానే ఏళ్లు గడిచిపోయాయి. మనకు ఆ అవస్థ లేదు. ఏం పొంగుతుందో, ఎంత పొంగుతుందో, దానికొచ్చేది మొదటి బహుమతో రెండో బహుమతో ముందురోజు సాయంత్రానికే తెలిసిపోతుంది.

కొండ పక్కన నాలుగో తరగతి పాప నిలబడి ఉంటుంది. "గుడ్ మార్నింగ్ సార్, మై ప్రాజెక్ట్ ఈజ్ వాల్కనో" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా ఒప్పజెబుతుంది. "అమ్మా, నిజం అగ్నిపర్వతంలో వెనిగర్ ఎవరు పోస్తారు?" అని మధ్యలో అడగడం మహాపాపం. పాప మళ్లీ గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. నిజం అగ్నిపర్వతంలో పైకి తన్నుకొచ్చేది కరిగిన రాయి, దాంట్లో ఇమిడి ఉన్న నీటి ఆవిరి, వాయువులు. గ్లాసులో జరిగేది ఆమ్లానికీ సోడాకూ మధ్య వ్యవహారం. వచ్చేది కార్బన్ డయాక్సైడ్, గోలీసోడాలో మనం డబ్బులిచ్చి తాగేదే. రెండింటికీ చుట్టరికం ఎర్రరంగు వరకే. ఆ నురగ ఎక్కడి నుంచి వచ్చింది, వెనిగర్ బదులు నిమ్మరసం పోస్తే వస్తుందా, ఉత్త నీళ్లు పోస్తే రాదేం అని అడిగితే మంచి పాఠమే అవుతుంది. కానీ దానికి కొండ అక్కర్లేదు, గాజుగ్లాసు చాలు. గాజుగ్లాసుకు బహుమతి ఎవరిస్తారు?

పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలని పైనుంచి సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. ఎవరి చేతులో వాటిలో రాయరు కాబట్టి మనం సౌకర్యంగా సర్దుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "డియర్ పేరెంట్స్, టుమారో సైన్స్ ఫెయిర్" అని మోగుతుంది. పది లోపు ఒక నాన్న షాపుకు పరిగెడతాడు, ఒక అమ్మ జిగురు వెతుకుతుంది. స్టేషనరీ షాపు కుర్రాడు "వర్కింగ్ మోడలా, స్టిల్ మోడలా?" అని ఇడ్లీకి సాంబారా చట్నీయా అన్నంత మామూలుగా అడుగుతాడు. సౌరకుటుంబం ఉంది, బిందుసేద్యం ఉంది, సిరంజీలతో పైకి లేచే జేసీబీ ఉంది. నిజం చెప్పాలంటే ఆ సిరంజీల జేసీబీ చక్కటి ప్రయోగం. ఒక సిరంజి నొక్కితే గొట్టంలో నీళ్లు రెండో దాన్ని నెట్టడం పిల్లలు కళ్లారా చూడొచ్చు. చిన్న సిరంజితో పెద్దదాన్ని నెడితే బలం పెరిగి దూరం తగ్గుతుందని వాళ్లే కనిపెట్టొచ్చు. అందుకే మోడల్ మీద "ప్లీజ్ డోంట్ టచ్" అని స్కెచ్ పెన్నుతో రాసి అంటిస్తారు.

తెల్లారి అవార్డులు. అందరికంటే పెద్ద మోడల్‌కు మొదటి బహుమతి, లైట్లు వెలిగేదానికి రెండోది. ఇంట్లో పెసలు నానేసి, మొలకలు రోజుకెంత పెరిగాయో స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసుకొచ్చిన పిల్లవాడికి పార్టిసిపేషన్ సర్టిఫికెట్. వాడికసలు చార్టు కూడా లేదు.

పెసలంటే గుర్తొచ్చింది. నీళ్లు చల్లిన పెసలు ఒక గిన్నెలో వెలుతురులో, ఇంకో గిన్నెలో బీరువా చీకట్లో పెట్టి చూడమనే కృత్యం ప్రాథమిక తరగతుల్లో పాతదే. ఐదు రోజులు చూసి పట్టిక నింపాలి. మన పిల్లలు చురుకైనవాళ్లు, ఐదు రోజుల పట్టిక ఐదు నిమిషాల్లో నింపేస్తారు. గైడు ఉంది కదా. గైడు లేనివాళ్లు "చీకట్లో పెట్టినవి మొలకెత్తలేదు" అని సొంత బుర్రతో రాస్తారు, సరేనని టిక్కు పడుతుంది. చీకట్లో పెట్టిన పెసలేమో ఎవరి అనుమతీ లేకుండా మొలకెత్తడమే కాక, వెలుతురులో వాటికంటే పొడుగ్గా, పాలిపోయి, పసుపుపచ్చగా సాగుతాయి. మొలకెత్తడానికి నీళ్లు, గాలి, వెచ్చదనం ఉంటే చాలా విత్తనాలకు వెలుతురుతో పనిలేదు. ఆ అవసరమే ఉంటే రైతు విత్తనాన్ని మట్టిలో ఎందుకు కప్పెడతాడు? ఈ ప్రశ్న పల్లెటూరి పిల్లలకు తట్టే ప్రమాదం ఉంది. అందుకని "పరిశీలన" అనే గడిని కూడా బోర్డు మీద చూసి రాసుకునే ఏర్పాటు చేశాం.

సర్కారు బడుల్లో సామాను లేదని అనుకోవడం అన్యాయం. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం, ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాటితో పాటు బోధన సామగ్రి ఇవ్వాలంది. ఆ సామగ్రిలో సైన్స్ కిట్ కూడా ఒకటి. తర్వాత వచ్చిన పథకాలు తలా ఒక పెట్టె పంపాయి. అవన్నీ బీరువాలో క్షేమంగా ఉన్నాయి. భూతద్దం ఒకటి, అయస్కాంతాలు రెండు, గాజుపట్టకం ఒకటి అని స్టాక్ రిజిస్టర్‌లో గుండ్రటి అక్షరాలతో ఉంటుంది. బయటికి తీస్తే పగులుతుంది, పగిలితే రికవరీ. హెచ్ఎం బదిలీ అయితే కొత్త హెచ్ఎం జాబితా చూసి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని ఛార్జి తీసుకుంటారు. ఆ పట్టకాన్ని ఎండలో పెట్టి గోడ మీద ఏడు రంగులు చూసిన పిల్ల ఊళ్లో ఉండకపోవచ్చు. ఆడిట్ అభ్యంతరం మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ టీచర్‌ను ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకునే బడులున్నాయి. ఆ ఒక్కరే యాప్‌లో హాజరు వేయాలి, భోజనం లెక్క ఎక్కించాలి, గుడ్లు లెక్కపెట్టాలి, మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపాల్సిన రోజులు కూడా నడిచాయి. వీటన్నిటి మధ్యా కొవ్వొత్తి వెలిగించి ప్రయోగం చూపించే టీచర్లూ ఉన్నారు, వాళ్లకు దండం. సిగ్నల్ దొరక్క ఫోను పైకెత్తి నిలబడ్డ మనిషిని "అయస్కాంతం ఎందుకు తీయలేదు?" అని అడిగే హక్కు నాకైతే లేదు. ఆ ఫోను చేతికిచ్చినవాళ్లను అడగొచ్చు.

ప్రైవేటు వైపు చూస్తే ప్రగతి కళ్లు చెదిరేలా ఉంటుంది. అక్కడ ల్యాబు అడ్మిషన్ల సీజన్‌లో పూర్తిస్థాయిలో పనిచేస్తుంది. తల్లిదండ్రులకు చూపిస్తారు, ఏసీ వేస్తారు, పరీక్షనాళికల్లో నీలం, ఎరుపు, పచ్చ నీళ్లు పోసి ఉంచుతారు. ఫీజు కట్టాక ఆ నీళ్లు ఆరిపోతాయి. ప్రయోగాలు డిజిటల్ బోర్డు మీద జరుగుతాయి. వీడియోలో ఎవరో అంకుల్ నిమ్మకాయలో మేకు, రాగితీగ గుచ్చి కరెంటు పుట్టిస్తాడు, ఇక్కడ నలభై మంది చేతులు కట్టుకుని చూస్తారు. మూడో తరగతికే ఒలింపియాడ్, ఆరుకల్లా ఐఐటీ ఫౌండేషన్. పునాది అంత లోతుగా తవ్వుతున్నప్పుడు నిమ్మకాయలతో ఆడుకుంటారా ఎవరైనా?

అయినా ఎక్కడో ఒక తుంటరి పుడతాడు. వాడు కొవ్వొత్తి దగ్గర దొరుకుతాడు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, మీద గాజుగ్లాసు బోర్లిస్తే మంట ఆరి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో ఐదోవంతు ఆక్సిజన్. అది మండి ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీరు వచ్చింది" అని మనకు చెప్పారు, మనమూ చెప్పాం. మార్కులు పడ్డాయి. తుంటరి ఇంటికెళ్లి ఒకటికి మూడు కొవ్వొత్తులు పెట్టి అదే గ్లాసు బోర్లిస్తాడు. నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. మర్నాడు చెయ్యెత్తి "టీచర్, గ్లాసు అదే, గాలి అదే. మూడు వత్తులు పెడితే ఆక్సిజన్ ఎక్కువెట్లా అయింది?" అంటాడు. ఇంకో సంగతి కూడా చూసుంటాడు: మంట వెలుగుతున్నంతసేపు నీళ్లు పెద్దగా కదలవు, ఆరాక గబగబా ఎక్కుతాయి.

వాడు చూసింది నిజం. మంటకు గ్లాసులోని గాలి వేడెక్కి ఉబ్బుతుంది. బోర్లించేటప్పుడే కొంత గాలి జారుకుంటుంది, అంచుల దగ్గర బుడగలుగా పోవడం కూడా కనిపిస్తుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీటిని లోపలికి నెడుతుంది. మూడు వత్తులు గాలిని ఎక్కువ వేడిచేస్తాయి కాబట్టి నీళ్లూ ఎక్కువే ఎక్కుతాయి. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది, మండినదాని స్థానంలో కొంత కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది. ఎనభై పేజీల గైడును మూడు కొవ్వొత్తులు ఓడిస్తాయి. అందుకే "కూర్చో, సిలబస్‌లో లేదు" అనే జవాబును మన విద్యావ్యవస్థ సిద్ధంగా ఉంచింది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తి మీద పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయనకేం, సమ్మేటివ్ పరీక్షలు లేవు.

ఇలాంటి తుంటరుల్ని పనిగట్టుకుని తయారుచేసిన ఊళ్లూ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఆ దుస్సాహసం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగం చేయాలి, చూసింది రాయాలి, తేడా వస్తే వాదించుకోవాలి. పరీక్షలో పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు, ఎందుకంటే జవాబు పుస్తకంలో ఉండదు. సందేహాలుంటే 'సవాలీరామ్' అనే కల్పిత పెద్దమనిషికి ఉత్తరం రాయొచ్చు, జవాబు వచ్చేది. వందలాది బడులకు పాకిన ఈ అంటువ్యాధిని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసి పిల్లల్ని మళ్లీ మామూలు పుస్తకాలకు అప్పగించింది. కానీ అప్పటికే జబ్బు కొందరికి అంటింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అనే ఇంజినీరు లారీలు తయారుచేసే కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి 1978లో ఆ ఊళ్లకు వెళ్లాడు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి త్రిభుజాలు, ఘనాలు కట్టడం మొదలుపెట్టి, చెత్తబుట్టలో దొరికే ప్రతిదాన్నీ బొమ్మ చేసి వదిలాడు. 2018లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మన చుట్టుపక్కలా ఇలాంటివాళ్లు లేకపోలేదు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద సామాను వేసుకుని పల్లె బడులకు తిరుగుతుంటారు. జన విజ్ఞాన వేదిక వాళ్లు 'చెకుముకి' అని పిల్లల పత్రిక వేస్తారు. వీళ్ల పిల్లలకు ఒక దురలవాటు: సామాను ముట్టుకుంటారు.

అన్నిటికంటే పెద్ద ముప్పు ఇంట్లోనే ఉంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపి మన ఇళ్లలో ఎర్రనీళ్లు చేసి దిష్టి తీస్తారు. పసుపు, తెలుపు కలిపితే ఎరుపెందుకు వచ్చిందని అడగకుండా తరాలు గడిపాం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కూర మరక పడ్డ చొక్కాకు సబ్బు రుద్దినప్పుడు ప్రతి అమ్మా చూసిన వింతే ఇది. ఇప్పుడొక పిల్ల ఆ దిష్టినీళ్లలో నిమ్మకాయ పిండిందనుకోండి, ఆమ్లం తగిలి నీళ్లు మళ్లీ పసుపు రంగుకు తిరుగుతాయి. నాయనమ్మ దిష్టి ఏమైనట్టు? తర్వాత అదే పిల్ల పెరట్లో శంఖుపూలు కోసి వేణ్నీళ్లలో నానేసి, నిమ్మరసం పోస్తే గులాబీ రంగు, సోడా వేస్తే పచ్చన అని తేల్చుకుంటుంది. ఆపైన షాంపూ, పెరుగు, చింతపండు రసం, చివరికి నాన్నగారి ఎసిడిటీ మందు కూడా ఆ నీళ్లలో పడతాయి.

కాబట్టి అయ్యా, అమ్మా, ఈసారి గ్రూపులో మెసేజ్ మోగితే షాపుకు పరిగెత్తకండి. పసుపు, నిమ్మకాయ, కాస్త సున్నం పిల్ల ముందు పెట్టండి. సున్నం కంట్లో పడకుండా పక్కన నిలబడండి. ఆ పూటకు చేతులు కట్టుకోవాల్సింది మీరే. పిల్ల "ఇలా ఎందుకైంది?" అంటే తెలిసినా చెప్పకండి, "ఇంకోటి వేసి చూడు" అనండి. గ్రూపులో మేడమ్ గారికి మాత్రం మర్యాదగా ఒక జవాబు పెట్టండి: "సారీ మేడమ్, మా పాప ప్రాజెక్టు రేపటికి అవదు. ఏమొస్తుందో తనకింకా తెలియలేదు."