బొమ్మ వచ్చిందా?

మా పెళ్ళి 1994లో తణుకులో జరిగింది. క్యాసెట్ నిడివి మూడు గంటలు. అందులో నేనూ మా ఆవిడా కనిపించేది నలభై నిమిషాలు. మిగతాదంతా బంతిలో కూర్చుని, మొహం మీద లైటు పడగానే పప్పు కలపడం ఆపేసి బిగుసుకుపోయిన బంధువులే. ఆ క్యాసెట్ ముప్పై ఏళ్ళుగా మా బీరువాలో, పట్టుచీరల అడుగున, కలరా ఉండల మధ్య ప్రశాంతంగా పడుకుని ఉంది.

ముప్పయ్యో పెళ్ళిరోజు వస్తోందనగా మా అమ్మాయి అట్లాంటా నుంచి ఫోను చేసింది. "నాన్నా, ఆ క్యాసెట్‌ని ఫైలు చేసి పంపకూడదూ, పిల్లాడికి చూపిస్తాను" అంది.

"అమీర్‌పేటలో ఏదో షాపుందటండీ, ఏడొందలిస్తే చేసిపెడతారట" అంది మా ఆవిడ.

ఆ మాట నా గుండెకు గుచ్చుకుంది. ముప్పయ్యేళ్ళకు పైగా సర్క్యూట్ బోర్డుల మధ్య బతికి, మొన్నీమధ్యే రిటైరైనవాణ్ణి. నా పెళ్ళి వీడియోని నేను ఫైలు చేసుకోలేక ఎవరో కుర్రాడి చేతిలో పెట్టాలా? రచ్చ ఎలాగూ గెలిచాననే అనుకుంటున్నాను, ఇంట గెలవడానికి ఇదే అదను అనిపించింది. పైగా నేను ఆఫీసు వదిలే రోజున స్టోర్ రూములో పారేయడానికి సిద్ధంగా ఉన్న ఒక అట్టపెట్టెను మేనేజరు నాకే బహూకరించాడు. అందులో ఉన్నది, అనలాగ్ వీడియోని అంకెల్లోకి మార్చే చిప్పు తాలూకు ఎవాల్యుయేషన్ బోర్డు.

ఎవాల్యుయేషన్ బోర్డంటే చిప్పుకి పెళ్ళిచూపులు. చిప్పేమో గోరంత. దాన్ని చక్కటి ఆకుపచ్చ బోర్డు మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ రంగురంగుల సాకెట్లు, శుభ్రమైన కరెంటు, మెరిసే లైట్లు అమర్చి ఇంజినీరు ముందు పెడతారు. పిల్ల సంగీతం పాడుతుంది, కుట్లు అల్లికలు వచ్చు, సాంబారు బాగా పెడుతుంది. మీ ఇంటికి తీసుకెళ్ళాక ఇలాగే ఉంటుందని మాత్రం ఎవరూ కాగితం రాసివ్వరు.

బోర్డు ఉంది, క్యాసెట్ ఉంది, వీసీఆర్ లేదు. మా క్యాసెట్ తాలూకు వీహెచ్ఎస్ పద్ధతి 1976లో జపాన్‌లో పుట్టింది. వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీ కూడా 2016లో చేతులెత్తేసింది. ఇక మిగిలింది జుమ్మేరాత్ బజారు. అక్కడ ఒక పెద్దమనిషి ఫ్యాన్ రెక్కలకీ కుక్కర్ మూతలకీ మధ్యనుంచి ఒక వీసీఆర్ బయటికి లాగాడు. దుమ్ము దులిపి, ఏదో క్యాసెట్ పెట్టి, చిన్న టీవీలో బొమ్మ చూపించాడు. అయిదు సెకన్లు. వెంటనే తనే ఆపేసి, "దేఖే నా సాబ్? మస్త్ పిక్చర్!" అన్నాడు. ఆ అయిదు సెకన్ల సంగతి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

వీసీఆర్‌ని హాల్లో టీవీ బల్ల మీద పెట్టాను. బోర్డునీ, అటక మీంచి దింపిన విండోస్ ఎక్స్‌పీ లాప్‌టాప్‌నీ లోపలి గదిలో నా టేబుల్ మీద పరిచాను. రెంటికీ మధ్య పది గజాల కేబుల్. హాల్లో మా అత్తగారు దీపారాధనకు వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు. దూదిని అరచేతిలో పెట్టి ఒక్కసారి తిప్పితే వత్తి. ఆవిడ పనికి యూజర్ మాన్యువల్ లేదు. నా పనికి నాలుగు వందల పేజీలది ఉంది.

ఆ నాలుగు వందల పేజీల్లో నేను మొదట చదవనిది జంపర్ల గురించి. జంపరంటే రెండు పిన్నుల్ని కలిపే నల్లటి చిన్న టోపీ, నువ్వుగింజకి పెదనాన్నలా ఉంటుంది. ఏ సాకెట్ నుంచి వీడియో తీసుకోవాలో చెప్పేది అదే. దాన్ని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టబోతే గోరు మీంచి ఎగిరి పడింది. టార్చి వేసుకుని మంచం కింద పాకుతుంటే పనిమనిషి వచ్చి, "ఇందాక నల్లగా ఏదో ఉంటే ఊడ్చేశానయ్యా, పురుగనుకున్నా" అంది. చెత్తబుట్ట తిరగేశాను. ఎవాల్యుయేషన్‌లో మొదటి అధ్యాయం ఇదీ.

రెండో అధ్యాయం చిరునామా. లాప్‌టాప్ చిప్పుతో రెండు తీగల మీద మాట్లాడుతుంది, ఆ పద్ధతిని ఐ టూ సి అంటారు. పలకరించాలంటే చిప్పు చిరునామా కావాలి. మాన్యువల్‌లో ఆ నంబరు 40 అని ఉంది. అదే కొట్టాను. "డివైస్ నాట్ ఫౌండ్" అంది సాఫ్ట్‌వేర్. హైదరాబాదులో ఇల్లు వెతికినవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. ఇంటికి పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, మధ్యలో ఒక బై, చివర ఒక ఏ. ఇన్ని ఉన్నా చేరడం మాత్రం మెడికల్ షాపువాణ్ణి అడిగే. ఇక్కడా అంతే. చిరునామాకి నిజంగా ఉన్నవి ఏడు బిట్లు. ఎనిమిదోది ఇంటి నంబరు కాదు, వచ్చినవాడు ఇవ్వడానికొచ్చాడా, పుచ్చుకోవడానికొచ్చాడా అని చెప్పేది. మాన్యువల్ రాసినాయన ఆ ఎనిమిదోదాన్ని కూడా కలిపి 40 అన్నాడు. సాఫ్ట్‌వేర్ రాసినాయనకి అది పడదు, ఆయన లెక్కలో అదే ఇల్లు 20. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఇద్దరి మధ్యా మాటల్లేవనుకుంటాను. ఒకటిన్నర రోజు పోయింది.

20 కొట్టగానే చిప్పు పలికింది. కంప్యూటర్ తెర మీద చక్కటి నీలం రంగు పరుచుకుంది.

"ఏమండీ, బొమ్మ వచ్చిందా?" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

ఆ ప్రశ్న వినగానే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. మేడ మీద యాంటెన్నా తిప్పుతూ అన్నయ్య, కిటికీ దగ్గర అమ్మ, టీవీ ముందు నేను. "వచ్చిందా?" అని అన్నయ్య అమ్మని, అమ్మ నన్ను. "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని నేను అమ్మకి, అమ్మ అన్నయ్యకి. ఆ 'పోయింది' మేడ మీదికి చేరేసరికి మళ్ళీ వచ్చేది. ఈలోగా అన్నయ్య యాంటెన్నాని ఇంకో పక్కకి తిప్పేసేవాడు.

ఇప్పుడు వచ్చింది బొమ్మ కాదు. సిగ్నల్ అందనప్పుడు చిప్పు ఊరుకోకుండా తనంతట తానే ఒక నీలం తెర వేసి కూర్చుంటుంది. నాటకం మొదలవకముందు తెర దించి ఉంచినట్టు. కారణం వెతికితే తేలిందేమంటే, బోర్డుతో వచ్చిన సెట్టింగు అమెరికా పద్ధతిది. వాళ్ళ అనలాగ్ టీవీ బొమ్మకి 525 గీతలు. మనది పాల్, 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. మా తణుకు పెళ్ళిని చూసి చిప్పు, ఇది తనకు తెలిసిన సంప్రదాయం కాదని మొహం తిప్పేసుకుందన్నమాట. ఆ సెట్టింగు మార్చి పాల్ పెట్టాను.

అయినా నీలమే.

ఆ తర్వాత రెండు రోజుల గురించి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. హాల్లోకి వెళ్ళి వీసీఆర్ మీద ప్లే నొక్కడం, పరుగున లోపలికి రావడం, చిప్పు సెట్టింగుల స్క్రిప్టు లోడు చేయడం, ఆ ముసలి లాప్‌టాప్ దాన్ని నలభై సెకన్లు నమిలి మింగడం, తెర మీద నీలం చూడడం. కేబుల్ మార్చాను. సాకెట్ మార్చాను. వోల్టేజీలన్నీ కొలిచాను. చిప్పులో స్టేటస్ రిజిస్టరని ఒకటుంటుంది, సిగ్నల్ పట్టు దొరికిందో లేదో చెబుతుంది. అదేమో "దొరికింది, లాక్ అయింది" అంటుంది. ఎదురుగా నీలం కనిపిస్తుంటే దొరికిందంటుందేమిటి, రిజిస్టరే తప్పు చెబుతోందని తేల్చాను. నీలం కూడా మొదటి రోజు నీలంలా లేదు, కాస్త ముదురుగా ఉంది. మానిటరు పాతదైపోయిందనుకున్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ప్రతిదానికీ ఒక సమాధానం ఉంటుంది.

మూడోనాడు ప్లే నొక్కి లోపలికి పరిగెత్తబోతుంటే అత్తగారు వత్తి చేయడం ఆపి అడిగారు.

"బాబూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండత్తయ్యగారూ."

"మీరు ఇటు నొక్కి అటు వెళ్ళగానే దాన్ని ఆపేస్తున్నారెందుకు?"

"నేను ఆపడమేమిటండీ?"

"లోపల చక్రం కాసేపు తిరిగి టక్కుమని ఆగిపోతోంది కదా. లోపల్నుంచి మీరే ఆపుతున్నారనుకున్నాను. కంప్యూటర్ కదా!"

నిలబడి చూశాను. ఒకటి, రెండు, మూడు... ఏడు సెకన్లకి టక్. ముప్పయ్యేళ్ళ రబ్బరు బెల్టు సాగిపోయింది, టేపుని చుట్టుకోవలసిన చక్రం తిరగడం లేదు. టేపు లోపల చిక్కుపడి నలిగిపోతుందని వీసీఆర్ తనంతట తానే ఆగిపోతోంది. ఆగిపోయాక ఖాళీగా ఉండడం మర్యాద కాదని అది కూడా ఒక నీలం తెర పంపుతోంది. అంటే రెండు రోజులుగా నేను చూస్తున్నది చిప్పు నీలం కాదు, వీసీఆర్ నీలం. నా బోర్డు అక్షరాలా పనిచేస్తోంది. ఆ నీలాన్ని సెకనుకు 135 లక్షల సార్లు కొలిచి, గీతకి 720 చుక్కల చొప్పున, ఒక్క చుక్క పోకుండా అంకెల్లోకి మార్చి నా కాళ్ళ దగ్గర పోస్తోంది. జుమ్మేరాత్ బజారు పెద్దమనిషి అయిదో సెకనుకే ఎందుకు ఆపేశాడో కూడా అప్పుడే బోధపడింది. నా చదువు మొత్తంలో నాకు తట్టని రెండు సెకన్ల లెక్క ఆయనకి తెలుసు.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ముసలాయన డబ్బాలో చెయ్యిపెట్టి అటూ ఇటూ కెలికి, సరిపోయే బెల్టు తీసి ఇచ్చాడు. నలభై రూపాయలు. "ఇంకా ఇది వాడుతున్నారా?" అని మాత్రం అడిగాడు. ఊళ్ళో ఒంటెద్దు బండి మీద వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

బెల్టు వేశాక బొమ్మ వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇంటిల్లిపాదీ తెర ముందు చేరారు. పెళ్ళికి వచ్చినవాళ్ళందరి మొహాలూ నీలంగా ఉన్నాయి.

పురోహితుడు నీలం. నేను నీలం. బంతిలో పప్పు కలుపుతున్న రెండు వందల మందీ నీలమేఘశ్యాములే. 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది కాబట్టి ఎన్టీఆర్ నీలాన్ని జనం చాలా ఏళ్ళు మనసులోనే ఊహించుకున్నారు. మా పెళ్ళిలో ఊహించుకునే శ్రమే లేదు. మా ఆవిడ తన ఎర్ర పట్టుచీర నీలంగా మారడం చూసి, "నాది కాదండీ ఈ చీర" అంది. విషయమేమంటే, చిప్పు రంగుని రెండు ముక్కలుగా పంపుతుంది, నీలం పాలు ఒకటి, ఎరుపు పాలు ఒకటి. వెలుగు, చీకటి వివరం వాటి మధ్య మధ్యలో వస్తుంది. అందుకునేవాడు వరసలో ఒక్క జత తప్పితే నీలం ఎరుపవుతుంది, ఎరుపు నీలమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు తీసేస్తే అందరూ మళ్ళీ మనుషులయ్యారు.

ఇక మిగిలింది తలంబ్రాలు. పాల్ బొమ్మని ఒక్కసారే పంపరు, బేసి గీతలొకసారి, సరి గీతలొకసారి. నేను ముందుది వెనక, వెనకది ముందు పెట్టాను. కదలకుండా కూర్చున్న బంధువుల విషయంలో తేడా తెలియలేదు. తలంబ్రాల దగ్గర మాత్రం బియ్యం నా తల మీద పడి, మళ్ళీ మా ఆవిడ దోసిట్లోకి వెళ్ళి, మళ్ళీ నా తల మీదికి వచ్చాయి. "మూడుసార్లు పోశానని అప్పుడే చెప్పాను, మీరు ఒప్పుకోలేదు" అంది మా ఆవిడ.

అన్నీ సర్దుకున్నాక మొదటినుంచి వేశాను. కింద అంచున కొంచెం చిరిగినట్టు ఉంది, ఎరుపు పక్కకి కారుతోంది, వీహెచ్ఎస్ అంతే. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి పన్నీరు చల్లుతున్న మామగారు వచ్చారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పన్నీరుబుడ్డి మూత బిగుసుకుపోతే పంచె అంచుతో పట్టుకుని తిప్పుతున్నారు. అత్తగారి చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

"కొంచెం వెనక్కి తిప్పుతారా బాబూ?" అన్నారు.

తిప్పాను. నాలుగుసార్లు.

కుదించకుండా దాచాను కాబట్టి మూడు గంటల పెళ్ళికి దాదాపు 224 గిగాబైట్లయింది. దాన్ని కుదించి అట్లాంటా పంపాను. మనవడు రెండు నిమిషాలు చూసి, "తాతయ్య ఏడీ?" అని అడిగాడట. జుట్టున్నవాణ్ణి గుర్తుపట్టలేదు.

మీ ఇంట్లోనూ బీరువా అడుగున ఒక క్యాసెట్ ఉండే ఉంటుంది. మన తేమకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, దాన్ని ఆడించే వీసీఆర్‌లేమో ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఆలస్యం చేయకుండా ఈ ఆదివారమే బయటికి తీయండి. మీ ఇంట్లో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుంటే ఆయనకి మాత్రం చూపించకండి.

మా రిసెప్షన్ క్యాసెట్ ఇంకోటి మిగిలిపోయింది. దాన్ని అమీర్‌పేట షాపులో ఇచ్చాను. ఏడొందలు తీసుకుని మర్నాడు సాయంత్రానికి పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు. అందులో ఎవరూ నీలంగా లేరు.